గొల్లభామకు ఇల్లు: ఏ సామానుతో కట్టాలి?

చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఆ పురుగు నాకు 'ప్రేయింగ్ మాంటిస్' గానే తెలుసు. పోయిన వానాకాలంలో మా ఇంటి వెనక గోరింటాకు చెట్టు మీద ఒక పిల్ల పురుగు కనబడితే పచ్చడి డబ్బాలో వేసుకుని లోపలికి తెచ్చాను. మా నాయనమ్మ చూసి, "గొల్లభామను ఎందుకు పట్కొచ్చినవ్ బిడ్డా? ఇడిసిపెట్టు, పాపం" అంది. నాకు అర్థం కాలేదు. సిద్దిపేటలో పుట్టినవాళ్లకి గొల్లభామ అంటే ముందు గుర్తొచ్చేది చీర. నెత్తి మీద కుండ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ అంచు వెంబడి వరసగా ఉండే మన నేత చీర, జీఐ గుర్తింపు కూడా ఉన్నది. ఈ పురుగు పేరు కూడా అదే అని నాకు పంతొమ్మిదేళ్లకి తెలిసింది. కొన్ని ఊళ్లలో మిడతని కూడా గొల్లభామ అంటారు. ఈ వ్యాసంలో మాత్రం గొల్లభామ అంటే ముందరి కాళ్లు మడిచి, దండం పెడుతున్నట్టు నిలబడే ఆ వేటపురుగే.

నాయనమ్మ మాట నేను వినలేదు. డబ్బా మూతకి వేడి స్క్రూడ్రైవర్‌తో పది రంధ్రాలు పొడిచి, లోపల ఒక పుల్ల పెట్టి, రోజూ ఈగలు వేశాను. పన్నెండు రోజులు బాగానే ఉంది. తర్వాత రెండు రోజులు తిండి మానేసింది. మూడో రోజు పొద్దున చూస్తే డబ్బా అడుగున పడి ఉంది. పాత చర్మం సగం ఊడి, సగం అతుక్కుని, కాళ్లు వంకర తిరిగిపోయి, ఇంకా కదులుతోంది. సాయంత్రానికి కదలడం ఆగిపోయింది.

జబ్బు చేసి చనిపోయిందనుకున్నాను. తర్వాత కొంచెం చదివితే తెలిసింది, దాన్ని చంపింది జబ్బు కాదు, నేను కట్టిన ఇల్లు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను. మన క్లాసులో కనీసం ఇద్దరు గొల్లభామల్ని పెంచుదామని అనుకుంటున్నారు. వాళ్లు నా తప్పు మళ్లీ చేయకూడదు.

ముందు అసలు అవసరం ఏంటో చూద్దాం

ఏ సామాను కొనాలి అని ముందే అడిగితే జవాబు దొరకదు. ఆ ఇంట్లో పురుగు ఏం చేస్తుందో ముందు తెలియాలి.

పురుగులకి ఎముకలు శరీరం బయట ఉంటాయి. పైనున్న గట్టి పొర సాగదు. పెరగాలంటే పాతది విడిచి కొత్తది వేసుకోవాలి. దీన్నే కుబుసం విడవడం అంటాం. గొల్లభామ ఈ పని తలకిందులుగా వేలాడుతూ చేస్తుంది. మధ్య కాళ్లు, వెనక కాళ్లతో పైకప్పుని గట్టిగా పట్టుకుంటుంది. పాత చర్మం వీపు దగ్గర చీలుతుంది. శరీరం తన బరువుతోనే మెల్లగా కిందికి జారుతుంది. పాత చర్మం మాత్రం పైకప్పుకి అలాగే పట్టుకుని ఉంటుంది. బయటికొచ్చిన మెత్తటి పురుగు తిరిగి పైకి పాకి, వేలాడుతూనే ఆరుతుంది. మధ్యలో పట్టు జారితే అంతే. మెత్తగా ఉన్న కాళ్లు పడిన రూపంలోనే గట్టిపడతాయి. పుట్టినప్పటి నుంచి రెక్కలొచ్చేదాకా ఇలా ఆరు నుంచి తొమ్మిది సార్ల దాకా చేయాలి. ప్రతి సారీ పైకప్పే దానికి ఆధారం.

నా డబ్బాకి పైకప్పు ఏంటి? నున్నటి ప్లాస్టిక్ మూత. పైగా రంధ్రాలు బయటి నుంచి పొడిచాను కాబట్టి కరిగిన పదునైన అంచులు లోపలి వైపుకి వచ్చాయి. అది పట్టుకోవాల్సిన చోటే జారుడు, జారని చోట కత్తులు.

అవసరాల లిస్టు ఇలా వేసుకున్నాను:

1. పైకప్పుకి పట్టు ఉండాలి.
2. ఎత్తు పురుగు పొడవుకి కనీసం మూడు రెట్లు, వెడల్పు కనీసం రెండు రెట్లు ఉండాలి.
3. గాలి ఆడాలి, కానీ తేమ మొత్తం పోకూడదు.
4. వేసిన తిండి బయటికి పారిపోకూడదు.
5. సామానులో పురుగుల మందు, ఘాటు వాసన ఉండకూడదు.
6. కడగడానికి వీలుండాలి, మనకి లోపల కనబడాలి.

మన భాషలో చెప్పాలంటే ఇది చాలా కన్‌స్ట్రెయింట్స్ ఉన్న ప్రాబ్లమ్. ఒకటి బాగు చేస్తే ఇంకొకటి పాడవుతుంది. ఒక్క సామానుతో ఆరూ తీరవు. గోడలకి ఒకటి, పైకప్పుకి ఒకటి, నేలకి ఒకటి వేరువేరుగా ఎంచుకోవాలి.

సైజు గురించి ఒక మాట. మన వైపు కనిపించే పెద్ద ఆకుపచ్చ గొల్లభామలు చాలావరకు హైరోడ్యూలా అనే ప్రజాతివి. పెద్దయ్యాక సుమారు ఎనిమిది సెంటీమీటర్లు అనుకుంటే ఎత్తు 24, వెడల్పు 16 సెంటీమీటర్లు కావాలి. లోపల నేల మీద ఏదైనా పరిస్తే ఆ మందం తీసేసి లెక్క వేయండి. అలాగని పెద్ద అక్వేరియంలో ఒక్క చిన్న పిల్లని వేయడం కూడా తప్పే. గొల్లభామ వెంటపడి వేటాడదు, కూర్చున్న చోటికి దగ్గరగా వచ్చినదాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు 2016లో గొల్లభామలకి బుల్లి త్రీడీ కళ్లద్దాలు తేనెమైనంతో అతికించి, అవి రెండు కళ్లతో దూరం లెక్కగడతాయని చూపించారు. 2018లో అదే బృందం, ఆ లెక్క మనలాగా కదలని బొమ్మల పోలిక మీద కాకుండా, కదులుతున్న చోటు మీద ఆధారపడుతుందని చెప్పింది. కంప్యూటర్ విజన్ చేసేవాళ్లు అది తప్పకుండా చదవాలి. మన పనికి మాత్రం ఇంత చాలు: తిండి దాని కళ్ల ముందు, దగ్గర్లో కదలాలి. పిల్ల పురుగుకి చిన్న ఇల్లు, పెరిగే కొద్దీ పెద్ద ఇల్లు.

గోడలకి: ప్లాస్టిక్, గాజు, అక్రిలిక్, చెక్క

పచ్చళ్లు, బిస్కెట్లు వచ్చే పారదర్శకమైన డబ్బాలు ఎక్కువగా పెట్ ప్లాస్టిక్. అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. చవక, తేలిక, లోపల బాగా కనబడుతుంది. ఒక్కటే ఇబ్బంది, సుమారు 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మరిగే నీళ్లు పోసి కడిగితే వంకర పోతుంది. త్రికోణంలో 5 ఉన్నవి పాలీప్రొపిలీన్. అవి మరిగే నీళ్లకి తట్టుకుంటాయి, కానీ చూడ్డానికి మసకగా ఉంటాయి. పచ్చడి డబ్బా అయితే నూనె, మసాలా వాసన పోయేదాకా సబ్బుతో కడిగి ఎండబెట్టాలి.

గాజు గీతలు పడదు, ఏ వాసనా పీల్చదు. కానీ ఒకే మందం పలకలు తీసుకుంటే అక్రిలిక్ కన్నా రెట్టింపు పైనే బరువు. రంధ్రం చేయడం మనతో అయ్యే పని కాదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఎండ. సిద్దిపేటలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. కిటికీ దగ్గర ఎండ పడే చోట గాజు పెట్టె పెడితే, ఎండలో ఆపిన కారు లాగే లోపల ఉడికిపోతుంది. మూసిన ప్లాస్టిక్ డబ్బాకి కూడా ఇదే మాట.

అక్రిలిక్ షీటు చూడ్డానికి బాగుంటుంది. డ్రిల్ గట్టిగా నొక్కితే పగులుతుంది, గీతలు త్వరగా పడతాయి. శానిటైజర్ తో తుడవకండి. ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. తడి గుడ్డ, మెత్తటి సబ్బు చాలు.

ప్లైవుడ్ లో పొరల్ని అతికించే జిగురులో చాలాసార్లు ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కొత్త చెక్కకి ఆ ఘాటు వాసన వస్తూనే ఉంటుంది. పైగా రోజూ నీళ్లు చిలకరిస్తే ఉబ్బుతుంది, బూజు పడుతుంది. అట్టపెట్టె అయితే వారం కూడా ఆగదు.

నా ఎంపిక: మూడు వైపులా ప్లాస్టిక్, ఒక వైపు, పైన గుడ్డ.

పైకప్పుకి: ఇక్కడే ప్రాణం ఉంది

గొల్లభామ ప్రతి కాలి చివరా రెండు చిన్న కొక్కేలు ఉంటాయి. పెద్ద పురుగు వేలాడేటప్పుడు బరువు మోసేది ఎక్కువగా అవే. పుట్టిన కొత్తలో బరువు తక్కువ కాబట్టి నున్నటి గోడ మీద కూడా నడుస్తాయి. అది చూసి మనం మోసపోతాం. నా డబ్బాలో కూడా మొదట్లో మూత మీద బాగానే తిరిగింది. బరువు పెరిగాక అదే మూత చాలలేదు.

ఇనుప జాలి: గట్టిదే, కీచురాళ్లు కొరకలేవు. కానీ కోసిన తీగ అంచులు పదును, తేమకి తుప్పు పడుతుంది, ఇరుకు రంధ్రంలో కాలి చివర ఇరుక్కుని తెగే ప్రమాదం ఉంది. పైకప్పుకి వద్దు. పక్కన గాలి కిటికీకి వాడితే అంచులు మడిచి వాడండి.

ఫైబర్‌గ్లాస్ కిటికీ జాలి: ఇళ్లల్లో దోమలు రాకుండా కిటికీలకి కొట్టే బూడిద రంగు జాలి ఇదే. గాజు దారాల మీద పీవీసీ పూత ఉంటుంది. ఇనుము కన్నా మెత్తన. కత్తిరించిన చోట మాత్రం పూత లేని గాజు పోగులు బయటికొస్తాయి. అంచులు బయటి వైపుకి వచ్చేలా అతికించాలి.

నైలాన్, పాలిస్టర్ వల: మెత్తన, తేలిక, త్వరగా ఆరుతుంది. కొత్త దోమతెర వాడాలంటే మాత్రం ముందు కింద రాసిన మందుల భాగం చదవండి. గుడ్డలు వేసుకునే మడత బుట్టల వల కూడా పనికొస్తుంది.

కాటన్ గుడ్డ: నాకు బాగా నచ్చింది ఇదే. నూలు పోగు మీద సన్నటి నూగు ఉంటుంది కాబట్టి కొక్కెం ఎక్కడ వేసినా పట్టు దొరుకుతుంది. ఇంకో లాభం తేమ. మామూలు గాలిలో కాటన్ తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుని ఉంటుంది. నైలాన్ సుమారు 4 శాతం, పాలిస్టర్ అర శాతం కూడా ఉండదు. అంటే నీళ్లు చిలకరిస్తే కాటన్ కప్పు వాటిని దాచుకుని మెల్లగా వదులుతుంది. కుబుసం విడిచే రోజుల్లో గాలి మరీ పొడిగా ఉంటే పాత చర్మం అతుక్కుపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నష్టాలూ ఉన్నాయి. వానాకాలంలో ఆరదు, బూజు పడుతుంది. కీచురాళ్లు కొరికి పారిపోతాయి. చివర్లు పోగులు ఊడితే కాళ్లకి చుట్టుకుంటాయి. అందుకే అంచులు మడిచి కుట్టాలి.

రంధ్రం ఎంత ఉండాలి? గుడ్డ అంటే నిలువు పడుగు, అడ్డం పేక. ఆ రెండిటి మధ్య ఖాళీయే మన రంధ్రం. దోమతెరలకి సాధారణంగా చెప్పే లెక్క చదరపు అంగుళానికి 156 రంధ్రాలు. అంటే ఒక వైపు 12, ఇంకో వైపు 13. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో గడి సుమారు 2 మిల్లీమీటర్లు, దారం మందం తీసేస్తే ఇంకా తక్కువ. ఇంటి ఈగ దూరలేదు. పిల్ల పురుగులకి వేసే చిన్న పండుఈగలు మాత్రం దూరిపోగలవు. కాబట్టి చిన్నప్పుడు పల్చటి నేత గుడ్డ, పెద్దయ్యాక వల. ఇంట్లో ఉన్న గుడ్డని కొలవాలంటే స్కేలు పక్కన పెట్టి ఫోన్ తో దగ్గరగా ఫోటో తీసి, జూమ్ చేసి పోగులు లెక్కపెట్టండి. నేనదే చేశాను.

కనబడని విషాలు

సామాను గట్టిదా మెత్తనిదా అనేది కంటికి తెలుస్తుంది. మందు ఉందా లేదా అనేది తెలియదు.

కొన్ని దోమతెరలకి తయారీలోనే మందు పట్టిస్తారు. పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, ఆల్ఫా సైపర్‌మెత్రిన్ లాంటివి. మలేరియా ఆపడానికి అవి చాలా అవసరం. కానీ ఆ మందుకి దోమ అని, గొల్లభామ అని తేడా లేదు. పురుగుల నరాల్లోని సోడియం ద్వారాల్ని మూసుకోనివ్వకుండా చేసి చంపుతుంది. ఆ గుడ్డని పైకప్పుగా వేస్తే పురుగు రోజంతా మందు మీదే నడుస్తున్నట్టు. లేబుల్ మీద మందు పేరు ఉంటే ఆ తెర మంచానికే వాడండి.

హాస్టల్ వాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్లగ్ లో పెట్టే లిక్విడ్ దోమల మందుల్లో చాలావాటిలో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ ఉంటుంది. అదీ ఇదే కుటుంబం. రూమ్మేట్ దోమల మిషన్ మానలేనంటే ఆ రూములో గొల్లభామ పెంచకండి. రూమ్మేట్ తో గొడవ కన్నా అదే నయం. అవతల డెంగీ భయం కూడా నిజమే కదా.

మూడోది వేప. మనకి వేపపుల్ల అంటే శుభ్రం, ఆరోగ్యం. గింజల్లో ఎక్కువగా ఉండే అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగులు కుబుసం విడవడానికి కావల్సిన హార్మోన్ల పనిని పాడు చేస్తుంది. పంటలకి వేపనూనె కొట్టేది అందుకే. మనకి సరిగ్గా కుబుసమే భయం. కాబట్టి లోపల పెట్టే కొమ్మగా వేప వద్దు, వేపనూనె రాసిన చెక్క అసలే వద్దు. పత్తి చేను గట్టు మీద విరిచిన పుల్లలూ వద్దు, వాటి మీద ఏ మందు పడిందో మనకి తెలియదు. ఇంటి దగ్గర మందు కొట్టని చెట్టు పుల్ల తెచ్చి, కడిగి, ఎండబెట్టి వాడండి.

జిగుర్లు: హాట్ గ్లూ చల్లారితే చాలు. సూపర్ గ్లూ, పులుపు వాసన వచ్చే సిలికాన్ వాడితే వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజంతా, ఖాళీగా ఆరనివ్వాలి. కొత్త గుడ్డకి గంజి, రంగు, పై పూత ఉంటాయి. రెండు మూడు సార్లు ఉతకకుండా వాడొద్దు. కడగడానికి ఫినాయిల్ వద్దు, సబ్బు నీళ్లు చాలు.

నేలకి, గాలికి

నేల మీద టిష్యూ పేపర్ పరిస్తే చాలు. రెట్ట, మిగిలిన ఈగల రెక్కలు కనబడతాయి, తీసి పారేయొచ్చు. కొబ్బరి పొట్టు తేమని ఎక్కువసేపు పట్టుకుంటుంది, ఎండాకాలానికి మంచిది. కానీ బాగా తడిపితే బూజు.

గాలికి ఒక్క పైకప్పు చాలదు. ఒక పక్క గోడలో కిందికి చిన్న గుడ్డ కిటికీ ఉండాలి. తేమ ఉన్న వెచ్చటి గాలి పైనుంచి పోతుంటే కింది నుంచి కొత్త గాలి వస్తుంది. మన ఊళ్లో కాలాన్ని బట్టి మార్చుకోవాలి. మే నెలలో పక్క కిటికీని సగం మూసి, రోజుకి రెండు సార్లు చిలకరించాలి. ఆగస్టులో పూర్తిగా తెరిచి, రెండు మూడు రోజులకి ఒకసారి చిలకరిస్తే చాలు. నీళ్లు గోడకి కొట్టాలి, పురుగు మీద కాదు.

ఇవన్నీ పెద్ద ఆకుపచ్చ గొల్లభామకి. దక్షిణ భారతంలో ఉండే వయొలిన్ మాంటిస్ వేరే రకం. దానికి వేడి, పొడి గాలి, ఎక్కువ గాలి ఆడే వల ఇల్లు కావాలి. జాతి తెలియకుండా ఇల్లు కట్టకండి.

రెండో ఇల్లు

రెండో పురుగు అదే గోరింటాకు చెట్టు మీద దొరికింది. ఈసారి ముందు ఇల్లు కట్టి తర్వాత తెచ్చాను. పైకప్పుకి గుడ్డ కోసం బజారుకి పోదామనుకుంటుంటే నాయనమ్మ బీరువా కింద మూటలోంచి చిరిగిన పాత నేత చీర తీసింది. "గీ గుడ్డ పనికొస్తదా సూడు" అంది. ఎన్నో ఏళ్లు ఉతికిన చీర. గంజి లేదు, రంగు దిగదు, మందు వాసన లేదు. నేను పైన రాసిన షరతులన్నీ ఆ ముక్కకి ముందే ఉన్నాయి. అంచు దగ్గరి ముక్క కాబట్టి దాని మీద ఒక గొల్లభామ బొమ్మ కూడా ఉంది. బొమ్మ నేసిన చోట దారాలు దట్టంగా ఉంటాయి, గాలి తక్కువ ఆడుతుంది. అందుకే బొమ్మని ఒక మూలకి జరిపి, పల్చటి భాగం మధ్యలోకి వచ్చేలా కుట్టింది. సూదిలో దారం ఎక్కించడం ఒక్కటే నేను చేసిన పని.

ఇరవై రోజుల తర్వాత అది తిండి మానేసింది. లోపలున్న ఈగల్ని తీసేశాను, మెత్తగా ఉన్నప్పుడు ఏదీ తగలకూడదని. డబ్బాని కదపలేదు. రాత్రి పదకొండు దాటాక వీపు చీలింది. నేను, నాయనమ్మ ఫోన్ వెలుతురు దూరంగా పట్టుకుని చూస్తూ కూర్చున్నాం. మెల్లగా జారింది. ఒక్కసారి ఆగింది. నాకు పాత డబ్బా గుర్తొచ్చింది. మళ్లీ కదిలింది. పూర్తిగా బయటికి వచ్చి, తిరిగి పైకి పాకి, గుడ్డ పట్టుకుని వేలాడింది. లేత ఆకుపచ్చ రంగు. పక్కన పాత చర్మం చీర పోగులకి అలాగే పట్టుకుని ఉంది.

"ఇగ ఇడిసిపెడ్తవా?" అంది నాయనమ్మ. రెక్కలొచ్చాక వదిలేస్తానని మాటిచ్చాను. ఇంకా రెండు కుబుసాలు ఉన్నట్టున్నాయి. ఆ లోపు మీలో ఎవరైనా ఇల్లు కడితే, పురుగుని తెచ్చే ముందు ఒక్క పని చేయండి. మూత తీసి, లోపలి వైపు వేలితో రాసి చూడండి. వేలు జారితే ఆ ఇల్లు పనికిరాదు.